సొంత మరా, పక్కోడి మరా

పోయిన ఆదివారం పొద్దున పెసరట్టు తింటా నాన్న పేపర్లో ఇంటెల్ అనే అమెరికా చిప్పుల కంపెనీ గురించి ఏదో వార్త చూసి "ఏమ్మా, వీళ్ళకి సొంత మర ఉందిగా, మరి సరుకు పక్కోడి మరకి ఎందుకు తోలతన్నారు?" అని అడిగాడు. నేను పదకొండేళ్ళుగా చిప్ డిజైన్‌లో ఫిజికల్ డిజైన్ అనే పని, అంటే చిప్పు లోపల ముక్కలు, తీగలు ఎక్కడెక్కడ ఉండాలో సర్దే పని, చేస్తున్నా, ఈ విషయం మీద ఎన్ని మీటింగుల్లో కూర్చున్నానో లెక్కలేదు, ఇంత సూటిగా అడిగినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. నాన్నకి ఈ ప్రశ్న కొత్త కాదు మరి. నేను ఇంటర్ ఫస్టియర్లో ఉన్నప్పుడు ఒక ఎండాకాలం అంతా మా ఇంట్లో ఇదే మాట నడిచింది, అన్నాల దగ్గరా ఇదే, రాత్రి డాబా మీద పడుకున్నాకా ఇదే. అందుకే ఇంటెల్ కథ నాకు ఎక్కడో అమెరికాలో షేరు పడ్డ కథలాగా అనిపించదు.

ముందు మా సంగతి చెప్తా. మా తాత కాలం నుంచి మాకు గుంటూరులో ఏటుకూరు రోడ్డు వైపు ఒక షెడ్డు, అందులో రెండు పల్వరైజర్లు, అంటే పొడి కొట్టే మిషన్లు, ఒక జల్లెడ మిషను. మిర్చి యార్డులో మిరపకాయ కొనడం, తొడిమలు తీయించడం, తాలు ఏరించడం, ఇంకో ఎండ వేయించి ఆడించడం, ప్యాకెట్లు కట్టి మా పేరు మీద తెనాలి, విజయవాడ, ఏలూరు కిరాణా కొట్లకి వేయడం, ఇదీ పని. మర దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు, చిన్నపిల్లలం అందరం మర తాత అనేవాళ్ళం. ఆయన మిషను మోత విని లోపల సుత్తెలు అరిగాయో లేదో చెప్పేవాడు. పొడి బయటికి పడతా ఉంటే చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, చెవి దగ్గర పెట్టుకున్నంత శ్రద్ధగా ఒక్క క్షణం ఆగి, "వేడెక్కతాంది, కాయ తగ్గించి వదలండి" అనేవాడు. కారం ఆడేటప్పుడు వేడెక్కితే రంగు పోద్ది, ఎర్రగా ఉండాల్సింది ఇటుక పొడిలా తేలిపోద్ది. ఘాటు కోసం తేజ రకం ఎంత, రంగు కోసం బాడిగ రకం ఎంత, ఏసీ గోడౌన్లోంచి తీసిన కాయకి ఎంత ఎండ తగలాలి, ఇవన్నీ ఆయన వేళ్ళలోనే ఉండేవి, ఎక్కడా రాసిపెట్టింది లేదు.

తర్వాత మాకు కొంచెం దూరంలో ఒక పెద్ద మర వచ్చింది, వాళ్ళు చల్లగా ఆడించే కొత్త మిషన్లు పెట్టారు. వాళ్ళ పొడి పక్కన మా పొడి పెట్టి చూస్తే మాది వెలిసిపోయినట్టు కనపడేది, కొట్ల వాళ్ళు మొహమాటానికి తీసుకునేవాళ్ళు గానీ మళ్ళీ ఆర్డరు ఇచ్చేవాళ్ళు కాదు. ఆ మిషను కొనాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలి. చివరికి నాన్న వాళ్ళతోనే మాట్లాడుకున్నాడు, కాయ మనది, పేరు మనది, ఆడించేది వాళ్ళు, క్వింటాకి ఇంత కూలి. మొదటి ఏడాది బ్రహ్మాండం, కరెంటు బిల్లు లేదు, బేరింగులు పోవడం లేదు, రంగు బావుంది, అమ్మ కూడా హమ్మయ్య అనుకుంది. రెండో ఏడాది ఆవకాయల ముందు, ఊరంతా కారం కావాలనే రోజుల్లో, మా టిక్కీలు, అంటే కాయ బస్తాలు, వాళ్ళ గోడౌన్లో తొమ్మిది రోజులు కూర్చున్నాయి, ఎందుకంటే వాళ్ళకీ సొంత బ్రాండు ఉంది, వాళ్ళది ఆడాకే మాది. మూడో ఏడాది కూలి పెంచారు. నాన్నకి పౌరుషం వచ్చి మన మర మళ్ళీ తీద్దాం అన్నాడు. మోటారు బానే తిరిగింది. కానీ మర తాత అప్పటికే చిలకలూరిపేటలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు, ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఆ పెద్ద మరలోనే పనికి కుదిరాడు. మేము ఆడించిన మొదటి రెండు టిక్కీలు నల్లబడిపోయాయి, నాన్న ఆ పొడి చేత్తో పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి ఉండటం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు ఇంటెల్ సంగతికి వస్తా. చిప్ కంపెనీ అంటే రెండు పనులు, ఒకటి బొమ్మ గీయడం అంటే డిజైను, రెండోది దాన్ని సిలికాన్ పలక మీద నిజంగా చేయడం. ఆ పలకని వేఫర్ అంటారు, 300 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే మన పూరీల పళ్ళెం అంత, దాని మీద వందల స్టెప్పులు జరిగి చిప్పులు బయటపడటానికి మూడు నెలల దాకా పడుతుంది. 1968లో రాబర్ట్ నోయిస్, గోర్డన్ మూర్ పెట్టిన దగ్గర్నుంచి ఇంటెల్ ఆ రెండు పనులూ తనే చేసుకునేది, దాని బలం కూడా అదే. అందరికంటే ముందు కొత్త మర దానికి ఉండేది, కాబట్టి డిజైను కొంచెం అటూ ఇటూ ఉన్నా నడిచిపోయేది.

దెబ్బ తగిలింది 10 నానోమీటర్ల దగ్గర. ఈ నానోమీటర్లు తయారీ తరం పేరు అనుకోండి, దాన్నే నోడు అంటారు, అంకె తగ్గేకొద్దీ అదే జాగాలో ఎక్కువ పడతాయి. 2014లో 14 నానోమీటర్లు తెచ్చారు, తర్వాతది రెండేళ్ళలో రావాలి, కానీ ఒకేసారి అదే జాగాలో 2.7 రెట్లు ట్రాన్సిస్టర్లు ఇరికించాలని పెట్టుకున్నారు, అదీ ఈయూవీ అనే, ఇంకా సన్నగా గీతలు గీయగల కొత్త కాంతి లేకుండా, పాత కాంతితోనే ఒకే పొరకి మళ్ళీ మళ్ళీ ప్యాటర్న్ వేసి చేయాలని. ఒక్కో పొరకి అన్ని సార్లు పని పెరిగితే ఎక్కడో ఒకచోట గీత తప్పుద్ది, ఎక్కువ చిప్పులు చెత్తబుట్టలోకి పోతాయి, మా భాషలో యీల్డ్ రాదు, నాన్న భాషలో తరుగు ఎక్కువ. సరుకు గట్టిగా బయటికి వచ్చేసరికి 2019 అయింది. ఇక్కడ నాకు బాధగా అనిపించే సంగతి ఒకటుంది, ఆ ఈయూవీ మిషన్లు చేసే డచ్ కంపెనీ ఏఎస్ఎంఎల్‌లో 2012లోనే ఇంటెల్ బిలియన్ల డాలర్లు పెట్టింది, మిషను తయారవ్వడానికి డబ్బు ఇచ్చి, దాన్ని పెద్ద ఎత్తున వాడటంలో మాత్రం వెనకపడింది. తైవాన్‌లో కూలికి చిప్పులు చేసిపెట్టే టీఎస్ఎంసీ 2019లోనే దాన్ని వాడి సరుకు తీస్తే ఇంటెల్ 2023లో ఐర్లండ్ ఫ్యాబ్‌లో, అంటే చిప్పుల ఫ్యాక్టరీలో, మొదలుపెట్టింది.

ఇక 2020 జులైలో అప్పటి సీఈఓ బాబ్ స్వాన్, 7 నానోమీటర్లు కూడా అనుకున్నదానికంటే ఏడాది వెనకపడింది, అవసరమైతే బయట ఫౌండ్రీల్లో, అంటే కూలికి చిప్పులు చేసే ఫ్యాక్టరీల్లో, చేయిస్తాం అని చెప్పాడు. మర్నాడు షేరు 16 శాతం పడింది. ఆ ఏడాది చివర్లో థర్డ్ పాయింట్ అనే ఇన్వెస్టరు సంస్థ, డిజైనూ ఫ్యాక్టరీలూ విడగొట్టే ఆలోచన చేయండని బోర్డుకి ఉత్తరం రాసింది. అదే ఏడాది నవంబరులో ఆపిల్ ఇంటెల్ చిప్పులు పక్కన పెట్టి తన ఎం1 చిప్పుతో ల్యాప్‌టాప్‌లు తెచ్చింది, అది చేసింది టీఎస్ఎంసీ. మా ఆఫీసులో ఒక సీనియర్ ఆ ల్యాపు ఒళ్ళో పెట్టుకుని "వేడే లేదు" అని ఒకటికి పదిసార్లు అన్నాడు, నాకు వెంటనే కొట్లో పక్కపక్కన పెట్టిన రెండు కారం ప్యాకెట్లు గుర్తొచ్చాయి.

టీఎస్ఎంసీ గురించి నాన్నకి చెప్పినప్పుడు ఆయన మొదట అడిగింది "వాళ్ళకి సొంత బ్రాండుందా?" అని. లేదు. అదే దాని గొప్పతనం. మారిస్ చాంగ్ 1987లో తైవాన్‌లో ఆ కంపెనీ పెట్టినప్పుడే మేము కూలికి ఆడిస్తాం తప్ప మా పేరు మీద కారం అమ్మం అన్నట్టు కట్టుబడ్డాడు. కాబట్టి ఆపిల్ అయినా, ఏఎండీ, ఎన్విడియా లాంటి చిప్పుల కంపెనీలయినా మన డిజైను వాడి చేతిలో పెడితే వాడే మనకి పోటీ వస్తాడన్న భయం లేదు. ఇంటెల్‌కి వాడు పోటీయే, కానీ ఫ్యాక్టరీ పనిలో మాత్రమే, కొట్లో కాదు. ఇంకో సంగతి, తొలిరోజుల్లో ఇంటెల్ వాళ్ళే టీఎస్ఎంసీ ఫ్యాబ్‌కి వచ్చి చూసి, లోపాలన్నీ ఎత్తి చూపించి, సరిచేయించి, ఆర్డరు ఇచ్చారు. పెద్ద కంపెనీ ఒప్పుకుంది అంటే చాలు, మిగతావాళ్ళకి నమ్మకం కుదిరింది. ఇది విన్నాక నాన్న కాసేపు మాట్లాడలేదు.

సరే బయట చేయించుకోవచ్చు కదా, అందులో ఏముంది అంటారు చాలామంది. కాయ అయితే టిక్కీ లారీలోకి ఎక్కిస్తే ఏ మరలోనైనా ఆడుద్ది. చిప్ అట్టా కాదు. ప్రతి ఫ్యాబ్‌కి దాని సొంత కొలతలు, దాని సొంత రూల్స్, తీగకీ తీగకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలి, ఏ పొర ఏ దిక్కుకి పరుగెత్తాలి, అన్నీ వేరు. నేను ఒకసారి ఒక చిన్న బ్లాకుని ఒక ఫౌండ్రీ నుంచి ఇంకో ఫౌండ్రీకి మార్చే పనిలో ఉన్నా, లాజిక్కులో ఒక్క లైను మారలేదు, అయినా పది నెలలు పట్టింది. కింద పొరల్లో తీగల మధ్య దూరం కొంచెం మారేసరికి పైన పిన్నులు అందడం మానేశాయి, పిన్నులు జరిపితే టైమింగ్ తప్పింది, అంటే సిగ్నల్ వేళకి చేరలేదు, టైమింగ్ సరిచేస్తే కరెంటు ఎక్కువ తాగింది. రాత్రి పన్నెండింటికి రన్ పెట్టి పొద్దున లేచి చూస్తే నాలుగు వేల వయలేషన్లు, అంటే రూల్ తప్పిన చోట్లు, మర్నాడు మూడు వేలు, ఆ మర్నాడు మళ్ళీ ఐదు వేలు. ఒక బ్లాకుకే ఇట్టా ఉంటే మొత్తం ప్రాసెసర్ సంగతి ఆలోచించండి. ఇంటెల్‌లో ఐతే డిజైనూ ఫ్యాబూ ఒకే ఇంట్లో పెరిగినవి, టూల్స్ కూడా సొంతంగా చేసుకున్నవి, బయటివాళ్ళ పద్ధతికి అలవాటు లేనివి. సొంత ఇంట్లోనే ఒక నోడు నుంచి ఇంకో నోడుకి మార్చడం కూడా వాళ్ళకి తేలిక కాలేదు, 10 నానోమీటర్ల కోసం గీసిన కోర్‌ని, అంటే ప్రాసెసర్లో లెక్కలు చేసే ముక్కని, వెనక్కి 14కి తెచ్చి 2021లో రాకెట్ లేక్ అని అమ్మారు, ముందు తరంలో పది కోర్లు ఉంటే అందులో ఎనిమిదే పట్టాయి. కాబట్టి బయటికి పంపాలా వద్దా అన్నది ఈ ఏడాది అనుకుని ఈ ఏడాది చేసే పని కాదు, రెండు మూడేళ్ళ ముందు తేల్చుకోవాలి, అదీ మన మర అప్పటికి బాగుపడుద్దో లేదో తెలియకుండా. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళని చూస్తే నాకు నిజంగా జాలి వేస్తుంది.

ఇంటెల్‌కి పోటీ అయిన ఏఎండీని చూడమంటారు, ఫ్యాబులు వదిలేసి బాగుపడింది కదా అని. నిజమే, ఏఎండీ 2009లో ఫ్యాబులు వదిలేసింది, అవి గ్లోబల్‌ఫౌండ్రీస్ అయ్యాయి, అబుదాబి డబ్బుతో. కానీ వదిలేసిన మర్నాడే బాగుపడలేదు. ఇంత సరుకు అక్కడే ఆడించుకోవాలని ఒప్పందం ఉంది, వేరే ఫౌండ్రీకి వెళ్ళే వెసులుబాటు కోసం 2016లో 100 మిలియన్ డాలర్లు కట్టాల్సి వచ్చింది, ఇంకా వాటాల హక్కు కూడా ఇచ్చింది. 2018లో గ్లోబల్‌ఫౌండ్రీస్ 7 నానోమీటర్ల పనే ఆపేసింది, ఏఎండీ టీఎస్ఎంసీ చేత చేయించుకుని 2019లో జెన్ 2 అనే కొత్త తరం ప్రాసెసర్లు తెచ్చింది, అప్పుడు కదా జనం వెనక్కి తిరిగి చూసింది. పదేళ్ళు. మధ్యలో మునిగిపోయే దాకా వెళ్ళింది. ఆ పదేళ్ళు లెక్కలో నుంచి తీసేసి కథ చెప్పడం నాకు నచ్చదు.

అసలు నాకు ముఖ్యం అనిపించేది ఇంకోటి. ఫ్యాబ్ నేర్చుకునేది పుస్తకంలో కాదు, వేఫర్లు నడిపి. లక్ష వేఫర్లు నడిపినవాడికి ఏ మిషను దగ్గర దుమ్ము పడతాంది, ఏ స్టెప్పులో అంచున ఉన్న చిప్పులు పోతన్నాయి అన్నీ తెలుస్తాయి, వాడు సరిచేస్తాడు, యీల్డ్ పెరుగుద్ది, ఖర్చు తగ్గుద్ది, ఇంకా ఎక్కువ మంది వాడి దగ్గరికే వస్తారు. నువ్వు నీ మంచి సరుకు పక్కోడికి ఇచ్చావంటే కూలి ఒక్కటే ఇచ్చినట్టు కాదు, వాడు నేర్చుకోవడానికి నీ కాయ ఇచ్చినట్టు, నీ మనుషులు నేర్చుకోవాల్సింది వాళ్ళు నేర్చుకుంటారు. అట్టాగని పట్టుబట్టి చెడిపోయిన మరలోనే ఆడిస్తే కొట్ల వాళ్ళు ఆగరు. ఈ రెండింటి మధ్య ఇంటెల్ నలిగింది, మేమూ అక్కడే నలిగాం.

2021 ఫిబ్రవరిలో పాట్ గెల్సింగర్ వచ్చి రెండూ చేస్తా అన్నాడు. కొంత టీఎస్ఎంసీ చేత చేయిస్తా, ఫ్యాబులూ కడతా, అంతేకాదు బయటివాళ్ళకి కూలికి కూడా ఆడిస్తా అని మార్చిలో చెప్పాడు, అరిజోనాలో రెండు ఫ్యాబులకి 20 బిలియన్ డాలర్లు ప్రకటించాడు. 2023 చివర్లో వచ్చిన, వేరువేరు ముక్కలు అతికించి చేసిన మీటియర్ లేక్ ప్రాసెసర్లో ముఖ్యమైన ముక్క సొంతంగా చేసి గ్రాఫిక్స్ ముక్క టీఎస్ఎంసీకి ఇచ్చారు. 2024లో వచ్చిన లూనార్ లేక్, యారో లేక్ దగ్గరికి వచ్చేసరికి అసలు ప్రాసెసర్ కోర్లు ఉన్న ముక్కే టీఎస్ఎంసీ 3 నానోమీటర్లలో చేయించారు, అన్నీ కలిపి అతికించే పని ఇంటెల్ ఉంచుకుంది. లూనార్ లేక్ మంచి చిప్పు, బ్యాటరీ బాగా వస్తుంది, కానీ దాని మీద మిగిలే లాభం తక్కువ, ఒక కారణం ఏంటంటే కూలి బయటికి పోయింది, ఇక్కడ ఫ్యాబుల ఖర్చు మాత్రం అట్టాగే ఉంది. షెడ్డుకి అద్దె, ఆపరేటరుకి జీతం ఇస్తా, కూలి ఇంకోడికి కట్టడం లాంటిది. 2023లో ఫౌండ్రీ విభాగం ఒక్కటే 7 బిలియన్ డాలర్లు నష్టం చూపించింది. 2024 ఆగస్టులో 15,000 మందిని తీసేస్తున్నాం అన్నారు, డిసెంబరు వచ్చేసరికి గెల్సింగర్ దిగిపోయాడు.

గెల్సింగర్ చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది, ఎక్కువమంది పట్టించుకోనిది, డిజైనుకీ ఫ్యాబుకీ లెక్కలు విడగొట్టడం. అంతకుముందు డిజైన్ టీములు ఇంట్లోదే కదా అని మా వేఫర్లు ముందు నడపండి అంటే ఫ్యాబ్ వాళ్ళు నడిపేవాళ్ళు, మధ్యలో అందరి పనీ ఆగేది, ఆ ఖర్చు ఎవరి ఖాతాలోనూ పడేది కాదు. మా షెడ్డులో కూడా అంతే, పండక్కి మేనత్త వాళ్ళ కాయ వచ్చిందంటే ఆడుతున్న సరుకు ఆపి, మర కడిగి, వాళ్ళది ఆడించి, మళ్ళీ మొదలు. పసుపు ఆడించమని ఎవరో వచ్చేవాళ్ళు, ఇంకో పూట పోయేది. ఆ పూటలన్నీ కలిపితే ఏడాదికి ఎంతయిందో నాన్న ఎప్పుడూ రాయలేదు, రాసి ఉంటే ఆ కొత్త మిషనుకి ధైర్యం చేసేవాడేమో అని నేను చాలాసార్లు అనుకున్నా. నువ్వు కూలికి ఆడించే మర నడపాలంటే ముందు మీ ఇంటి టిక్కీ కూడా లైన్లో నిలబడాలి, అది నిలబడకపోతే బయటివాడు నమ్మడు.

ఆ నమ్మకమే ఇప్పుడు అసలు ఇబ్బంది. 2024 ఫిబ్రవరిలో మన సత్య నాదెళ్ల, మైక్రోసాఫ్ట్ చిప్పు ఒకటి ఇంటెల్ కొత్త నోడు 18ఏ మీద చేయిస్తాం అని చెప్పాడు, మంచిదే. కానీ ఇంటెల్‌కి సొంత బ్రాండు ఉంది, ఏఎండీ తన డిజైను తెచ్చి ఇంటెల్ చేతిలో పెట్టాలంటే ఎంత గుండె కావాలి? ఆవకాయల ముందు మా టిక్కీలు తొమ్మిది రోజులు కూర్చున్నట్టు తనవి కూర్చుంటే? కొత్త సీఈఓ లిప్-బు టాన్ 2025 జులైలో, దీని తర్వాతి నోడు 14ఏకి పెద్ద బయటి కస్టమరు దొరక్కపోతే ఆ పని ఆపేయొచ్చు అని చెప్పేశాడు. అది చదివిన రోజు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆగస్టులో అమెరికా ప్రభుత్వమే 8.9 బిలియన్ డాలర్లతో దాదాపు పది శాతం వాటా తీసుకుంది, ఫౌండ్రీలో ఇంటెల్ వాటా 51 శాతం కంటే తగ్గితే ప్రభుత్వానికి ఇంకో ఐదు శాతం కొనుక్కునే హక్కు కూడా రాసుకుంది. అంటే మర అమ్ముకోవడం కూడా అంత తేలిక కాదిప్పుడు. ఇట్టా ఎందుకు చేశారో నాకు అర్థమవుద్ది, 2024 ఏప్రిల్లో తైవాన్‌లో పెద్ద భూకంపం వచ్చి ఫ్యాబుల్లో మనుషులు బయటికి పరుగెత్తిన రోజు మా మేనేజర్ల మొహాలు చూశా, ప్రపంచంలో మేలురకం కాయలో ఎక్కువ భాగం ఒకే ఊళ్ళో ఆడుతోంది.

నా అభిప్రాయం అడిగితే, లూనార్ లేక్ బయట చేయించడం తప్పు కాదు, అప్పుడు వాళ్ళ మర ఇంకా తయారు కాలేదు. ఒక పంట బయట ఆడించు, రెండో పంట కూడా ఆడించు, కానీ ఆ కాలంలో నీ మర ఖాళీగా ఉండకూడదు, ఏదో ఒకటి ఆడుతూనే ఉండాలి, నష్టమైనా సరే, ఎందుకంటే మర తాత చెయ్యి ఆగిపోతే ఆ చెయ్యి మళ్ళీ రాదు. 15,000 మంది అన్నప్పుడు అందరూ డబ్బు ఎంత మిగులుద్ది అని లెక్కేశారు, నేను మాత్రం అందులో వేలితో నలిపి చెప్పేవాళ్ళు ఎంతమంది ఉన్నారో అనుకున్నా. మోటార్లు, షెడ్లు డబ్బిస్తే వస్తాయి.

ఇదంతా నాన్నకి చెప్పేసరికి పెసరట్టు చల్లారిపోయింది. ఆయన అంతా విని, "ఆ కుర్రాడు ఆ పెద్ద మరకి పోయేటప్పుడు నెలకి ఆరొందలు ఎక్కువ అడిగాడమ్మా, మర నడవనప్పుడు ఎందుకులే అని నేనే ఇవ్వలా" అన్నాడు. ఈ ముక్క నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత చెయ్యి కడుక్కుని వచ్చి, ఆ 14ఏ అన్నావే, దానికి మొదటి టిక్కీ ఎవరు తోలతారో తెలిస్తే నాకు కూడా చెప్పు అన్నాడు.